మీసం కింద మచ్చలు

తమ్ముణ్ణి ఉదయగిరి నుంచి నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోతున్నారని ఫోను వచ్చేసరికి విజయదుర్గ ఆత్మకూరులో తన ఇంటి వాకిట్లో కూర్చుని మూడేళ్ళ కూతురు చాందినికి అన్నం తినిపిస్తోంది. ఫోనులో తల్లి దేవకమ్మ మాట కన్నా ఏడుపే ఎక్కువ వినబడింది.

"పెంచలయ్య పచ్చగా కక్కుతుండాడు పాపా. కడుపు పట్టుకోని మెలికలు తిరిగిపోతుండాడు. మీ నాయనకు మాదిరే ఉండాది."

ఆ చివరి మాటకు దుర్గ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చాందిని నోరు తెరుచుకుని అట్లాగే చూస్తోంది.

వాళ్ళ నాయన కొండలయ్య పోయి పద్నాలుగేళ్ళయింది. అప్పటికి దుర్గకు పన్నెండేళ్ళు, తమ్ముడు పెంచలప్రసాద్‌కు ఆరు. ఎండాకాలం గొర్రెల్ని తోలుకుని మర్రిపాడు పక్క కొండల్లోకి మేపుకు పోయిన మనిషి, రెండు రోజులు కడుపు నొప్పితో కొట్టుకుని, శవమై లారీలో తిరిగొచ్చాడు. వయసు ముప్పై నాలుగు. అతని వెంట మేపుకు పోయింది దేవకమ్మ సొంత తమ్ముడు వరదయ్య. అంతకు నెల ముందే మందలో వాటాల దగ్గర బావాబామ్మర్దులు ఊరందరి ముందర మాటా మాటా అనుకుని ఉన్నారు. పైగా అడివిలో వంట చేసిందీ, చివరి ముద్ద పెట్టిందీ వరదయ్యే.

"నా తమ్ముడే మందు పెట్టినాడు" అంది దేవకమ్మ, శవం మీద పడి. ఊరు కూడా కాదనలేదు. తిండిలో కలిపి పెట్టిన మందు కడుపులో గడ్డ కట్టుకుని, లోపల్లోపలే మనిషిని తినేస్తుందని ఆ పక్క చెప్పుకుంటారు. కక్కిస్తే పోతుందని కక్కించేవాళ్ళు కూడా ఉన్నారు. కొండలయ్యకు కక్కించే టైం కూడా లేకపోయింది. ఆ రోజు నుంచి దేవకమ్మ తమ్ముడి గడప తొక్కలేదు, అతన్ని తన గడప తొక్కనివ్వలేదు. పెళ్ళిళ్ళలో అతను కనబడితే విస్తరి ముందు నుంచి లేచి వచ్చేసేది. మీ నాయన్ని మీ మామ చంపినాడు అన్న మాట వింటూనే పిల్లలిద్దరూ పెద్దవాళ్ళయ్యారు.

ఇప్పుడు ప్రసాద్‌కు ఇరవై. ఉదయగిరిలో ఒక సెల్‌ఫోన్ రిపేరు షాపులో పని. వాడికీ చిన్నప్పటి నుంచి అప్పుడప్పుడు కడుపు నొప్పి వచ్చేది. గ్యాసు మాత్ర వేసుకునేవాడు, పోయేది. మాత్రతో పోయిందో, దానంతటదే పోయిందో ఎవరూ పట్టించుకోలేదు.

దుర్గ భర్త సురేంద్రబాబు ఎరువుల అంగడిలో గుమాస్తా. యజమానికి చెప్పి, బిడ్డను పక్కింట్లో వదిలి, ఇద్దరూ నెల్లూరు చేరేసరికి ప్రసాద్‌ను ఆపరేషను గదిలోకి తీసుకుపోయి గంటయింది. దేవకమ్మ బయట నేల మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కూతుర్ని చూడగానే అన్న మొదటి మాట, "మన ఇంటి మీద ఇంకా ఎవురికి పగ తీరలేదే?"

మూడో రోజు డాక్టర్ సుకన్య ముగ్గుర్నీ తన గదిలోకి పిలిచింది. చిన్న మనిషి, మాట నిదానం. బల్ల మీద కాగితం పెట్టి పేగు బొమ్మ గీసి చూపించింది.

"చొక్కా చెయ్యి లోపలికి మడత పడినట్టు, పేగు పేగులోకే దూరిపోయింది. ఎందుకు దూరిందంటే లోపల గడ్డ ఉంది. పుట్టగొడుగు మాదిరి, కాడ మీద వేలాడుతూ ఉంటుంది. అది పేగును తనతో పాటు లాక్కుపోయింది. అంత మేరా కోసి తీసేశాం. అట్లాంటివి ఇంకా ఉన్నాయి, చిన్నవి."

"గడ్డలా?" అంది దేవకమ్మ.

"ఊ. సరే గానీ, ఇతని పెదాల మీద నల్ల మచ్చలు ఎప్పట్నుంచి ఉన్నాయి?"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కడుపు గురించి మాట్లాడుతూ పెదాల మీదకు ఎందుకు పోయిందో ఎవరికీ అర్థం కాలేదు.

"అది గ్రహణమమ్మా" అంది దేవకమ్మ. "వీడు కడుపులో ఉన్నప్పుడు నేను తెలీక గ్రహణం పూట నేరేడుపండ్లు తిన్న్యా. ఆ రంగు అట్టే పడిపోయింది."

"గ్రహణం కాదమ్మా. ఆ మచ్చలూ, ఈ గడ్డలూ రెండూ ఒకటే జబ్బు. ప్యూట్జ్ జెగర్స్ అని, కనిపెట్టిన ఇద్దరు డాక్టర్ల పేర్లు కలిపి పెట్టారు. చాలా అరుదు. పుట్టుకతో వస్తుంది. అమ్మ నుంచో నాయన నుంచో వస్తుంది. వాళ్ళకు ఉంటే బిడ్డలకు రావచ్చు, రాకపోవచ్చు, బొమ్మా బొరుసూ. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా మచ్చలున్నాయా?"

"లేవు" అంది దేవకమ్మ. అడిగిన మాట పూర్తి కాకముందే అంది.

"ఇతని నాయనకు?"

"లేవమ్మా. ఆయన్ను మందు పెట్టి చంపినారు."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. దేవకమ్మ మొదలుపెట్టి మొత్తం చెప్పింది, మంద, కొండ, చివరి ముద్ద, లారీ. డాక్టరమ్మ నవ్వలేదు, విసుక్కోలేదు. అంతా విని, "ఆయనకు కూడా పచ్చగా వాంతులయ్యాయా? కడుపు ఉబ్బిందా?" అని అడిగింది. "అయినాయి, ఉబ్బింది" అంది దేవకమ్మ.

"అయితే ఆయనకూ ఇదే జరిగుండొచ్చమ్మా. నేను చూడలేదు కాబట్టి ఖాయంగా చెప్పలేను. కానీ గడ్డను ఎవరూ పెట్టరు."

"మందు పెడితే కూడా గడ్డే గదమ్మా అయ్యేది?"

డాక్టరమ్మ సురేంద్రబాబు వైపు తిరిగి చెప్పింది. "ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. పెదాల మీద మచ్చలు వయసొచ్చాక చాలామందికి వెలిసిపోతాయి. బుగ్గల లోపల ఉండేవి పోవు. మచ్చలు పోయినంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదు. అందుకే అడుగుతున్నా, ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడు ఉండి పోయాయా అని."

దుర్గ కుర్చీ అంచు పట్టుకుని కూర్చుంది. ఆమె చిన్నప్పుడు ఉదయగిరి బడిలో పిల్లలు ఆమెను ఆవాల మూతి అని పిలిచేవాళ్ళు. కింది పెదవి నిండా ఆవాలు చల్లినట్టు నల్ల చుక్కలుండేవి. దేవకమ్మ రోజూ పాల మీగడలో పసుపు కలిపి రుద్దేది. పదిహేనేళ్ళు దాటేసరికి చుక్కలు ఒక్కొక్కటే పలచబడి, పెళ్ళినాటికి పెదవి శుభ్రమైపోయింది. మీగడే పని చేసిందని తల్లి నలుగురికీ చెప్పుకుంది. సురేంద్రబాబుకు మాత్రం చెప్పలేదు. పోయిన మచ్చల్ని గురించి ఎవరైనా ఎందుకు చెబుతారు?

ఇప్పుడు తల్లి ఆమె వైపు చూడలేదు. మొగుడేమో పక్కనే కూర్చుని ఉన్నాడు. దుర్గ నోరు మెదపలేదు.

మర్నాడు బిడ్డ కోసమని మొగుడితో ఆత్మకూరు వచ్చేసింది. పనులన్నీ అయ్యాక అద్దం ముందు నిలబడి, ఫోను లైటు వేసి, వేలితో బుగ్గ పక్కకు లాగి చూసుకుంది. ఎర్రటి కండ, పళ్ళు, ఎంగిలి. మొదట ఏమీ కనబడలేదు. అమ్మయ్య అనుకుంది. రెండో బుగ్గ లాగితే లోపల, దవడ పన్నుకు ఎదురుగా, సిరా మరకలాంటిది కనబడింది. పక్కన ఇంకొకటి. పన్ను గీసుకున్న గాయమేమో. తిన్న తిండి రంగేమో. నీళ్ళు పుక్కిలించి మళ్ళీ చూసింది. వేలికి గుడ్డ చుట్టి రుద్దింది. అది పోలేదు. ఇన్నాళ్ళు లేనిది ఇప్పుడొచ్చిందా, ఇన్నాళ్ళూ ఉన్నదాన్ని ఇప్పుడు చూసిందా? నొప్పి లేదు, ఏమీ లేదు. మరి ఆమెకు జబ్బున్నట్టా, లేనట్టా?

సురేంద్రబాబు అంగడి నుంచి వచ్చేసరికి ఆమె ఇంకా అద్దం ముందే ఉంది.

"ఏందే, పన్ను నొప్పా?"

"ఇది చూడు" అని ఫోను అతని చేతికిచ్చి, నోరు తెరిచి నిలబడింది. అతను వంగి చూశాడు. లైటు అటూ ఇటూ తిప్పాడు. చాలా సేపు చూశాడు.

"నీకు కూడా ఉండేవా?" అన్నాడు చివరికి.

దుర్గ తలూపింది. ఆవాల మూతి సంగతి, మీగడ సంగతి, డాక్టరు దగ్గర తల్లి లేవని అబద్ధం చెప్పిన సంగతి, తాను ఊరుకున్న సంగతి అన్నీ చెప్పింది. అతను కోప్పడతాడని అనుకుంది. అతను పోయి, నేల మీద బొమ్మల గిన్నెలతో ఆడుకుంటున్న చాందినిని ఎత్తుకుని, గడప దగ్గర వెలుతుర్లోకి తీసుకుపోయి, బిడ్డ పెదవి వేలితో కిందికి లాగి చూశాడు. చాందిని ఇదేదో ఆట అనుకుని తాను కూడా నాయన పెదవి పట్టుకుని లాగింది.

"ఏం లేవు" అన్నాడు. మళ్ళీ, "ఉంటే ఏంది, లేకపోతే ఏంది? నాకు ఏం అర్థం కాలేదే దుర్గా. ఇది రోగమా, మచ్చా?" అన్నాడు.

ఆమెకు మాత్రం ఏం తెలుసు? ఒకటి మాత్రం తెలుసుకోవాలనిపించింది. నాయన మొహం ఆమెకు ఫోటోలోదే గుర్తు. ఫోటోలో పెద్ద మీసం పై పెదవిని మొత్తం కప్పేసి ఉంటుంది. నాయన దగ్గర పడుకుని, పక్కన నడిచి, ముప్పై నాలుగేళ్ళ మనిషిని దగ్గర్నుంచి చూసినవాళ్ళు ఇద్దరే ఉన్నారు. ఒకరు లేవన్నారు. రెండోవాణ్ణి ఎవరూ అడగలేదు.

నాలుగు రోజుల తర్వాత తల్లికి చెప్పకుండా బద్వేలు బస్సెక్కి, మర్రిపాడు దాటినాక రోడ్డు మీద దిగింది. వరదయ్య ఇల్లు ఎవరిని అడిగినా చెప్పారు. రేకుల ఇంటి పక్క కంచెలో ఆయన ఒక గొర్రెను మోకాళ్ళ మధ్య అదిమిపట్టి, కుంటుతున్న కాలి గిట్ట శుభ్రం చేసి మందు పూస్తున్నాడు. నలభై ఏళ్ళ మనిషికి తలంతా నెరిసిపోయి ఉంది. తలెత్తి చూసి వెంటనే గుర్తుపట్టాడు. లేవలేదు.

"దేవకక్క కూతురివి గదా. ఎవురన్నా పోయినారా?"

"లేదు మామా."

మామా అన్న పిలుపు ఆమె నోటి నుంచి ఆమెకే తెలియకుండా వచ్చేసింది. వరదయ్య గొర్రెను వదిలేశాడు. అది కుంటుకుంటూ మందలోకి పోయింది.

ఎండకు ఆమె మొహం కమిలిపోయి ఉంది. లోపలికి పోయి గ్లాసుతో మజ్జిగ తెచ్చిచ్చాడు. గొంతు ఎండిపోయి ఉన్న దుర్గ గటగటా తాగింది. సగం గ్లాసు అయినాక గుర్తొచ్చింది, ఎవరి చేతి మజ్జిగ తాగుతోందో. చెయ్యి ఆగిపోయింది. ఈ ఇంటి నీళ్ళు కూడా ముట్టకూడదని పన్నెండేళ్ళప్పటి నుంచి వింటూ వచ్చింది. భయపడుతున్నందుకు సిగ్గేసింది, సిగ్గేసినా భయం పోలేదు.

వరదయ్య అంతా చూస్తూనే ఉన్నాడు.

"తాగు పాపా. సగం తాగినావు, ఇంకా ఏం కాలేదు గదా" అన్నాడు.

ఆమె మిగిలింది తాగేసి గ్లాసు కింద పెట్టింది. తమ్ముడి ఆపరేషను సంగతి, డాక్టరమ్మ చెప్పింది చెప్పుకొచ్చింది. సరిగా చెబుతోందో లేదో ఆమెకే తెలియలేదు. గడ్డలని మొదలుపెట్టి మచ్చల్లోకి పోయింది, మచ్చల నుంచి మళ్ళీ పేగుల్లోకి వచ్చింది. ఆయన మధ్యలో అడ్డు రాలేదు.

"మా నాయనకు పెదాల మీద మచ్చలు ఉండేవా మామా?"

"ఎందుకు లేవు? మీసం కింద నిండా ఉండేవి. మీ తాత పోయినప్పుడు దినాల్లో మీసం తీయించినాడు గదా, అప్పుడు చూసి, ఏంది బావా మూతికి చీమలు పట్టినాయా అని ఎగతాళి చేసినా. మళ్ళా మీసం పెరిగేదాకా నాతో మాట్లాడలా."

"కడుపు నొప్పి?"

"ఎన్నిసార్లని చెప్పేది? కొండలో నొప్పి వచ్చిందంటే ఎండకు కాలిన బండ మీద బోర్లా పడుకునేవాడు. ఆ వేడికి తగ్గేది. అక్కకు చెప్పొద్దురా, ఏడుస్తాది అనేవాడు. నేను చెప్పలా. ఆ చివరిసారి బండ మీద పడుకున్నోడు లేవలా. పచ్చగా కక్కుతుంటే ఒక రోజంతా అదే తగ్గిపోతాదని చూసినాం. అది నా తప్పే. రెండో రోజు వీపు మీద వేసుకోని రోడ్డు దాకా మోసినా. ఆత్మకూరు రాకముందే పోయినాడు, నా తొడ మీద."

"ఇదంతా ఎవురికీ చెప్పలేదా మామా?"

"చెప్పినా. మీ అమ్మకు చెప్పినా, పంచాయతీలో చెప్పినా. మందు పెట్టినోడు ఇంకేం చెబుతాడు అన్నారు. రెండేళ్ళు చెప్పి, తర్వాత మానుకున్నా. నాకు మన వాళ్ళెవురూ పిల్లనీలేదు తెలుసునా? ఈమెను బద్వేలు పక్క నుంచి తెచ్చుకుంటి, నా సంగతి తెలీని వాళ్ళింటి నుంచి." అన్నాడు, దూరంగా కట్టెలు విరుస్తున్న భార్యను చూపిస్తూ.

దుర్గ ఏదో అనాలనుకుంది. తప్పయిందనాలా? ఆ తప్పు ఆమెది కాదు, తల్లిది. తల్లిది కూడానా? తల్లి కళ్ళారా చూసింది ఉబ్బిన కడుపు. ఏమనాలో తోచక, "డాక్టరమ్మ కూడా ఖాయంగా చెప్పలేనందిలే మామా" అంది. అనగానే ఆ మాట ఎంత తప్పుగా వచ్చిందో తెలిసింది. వరదయ్య మొహం ముడుచుకుపోయింది.

"డాక్టరు చెప్పేదేంది? నాకు తెలవదా నేను పెట్టినానో లేదో?" అని లేచి మందలోకి వెళ్ళిపోయాడు. బస్సు దాకా ఆయన భార్యే తోడొచ్చి ఎక్కించింది.

ప్రసాద్‌ను ఇంటికి పంపించిన వారానికి బయాప్సీ రిపోర్టు వచ్చింది. దాన్ని తీసుకోవడానికి దుర్గ, సురేంద్రబాబు వెళ్ళారు. కోసి తీసిన పెద్ద గడ్డలో ఒక మూల క్యాన్సరు మొదలైందని అందులో ఉంది.

"అంటే వాడికి క్యాన్సరు వచ్చిందా, రాలేదా మేడమ్?" అన్నాడు సురేంద్రబాబు.

"వచ్చింది. గడ్డ దాటి బయటికి పోలేదు, గడ్డతో పాటే తీసేశాం కాబట్టి ఇప్పుడు లేదు. మళ్ళీ రావచ్చు. అందుకే ఏటా లోపల కెమెరాతో చూసి, గడ్డలు చిన్నగా ఉన్నప్పుడే తీసేస్తూ ఉండాలి."

వచ్చింది, లేదు, రావచ్చు. ఈ మూడింట్లో ఏది పట్టుకోవాలో సురేంద్రబాబుకు తెలియలేదు. రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. దుర్గ అప్పుడు డాక్టరమ్మ ముందు కూర్చుని నోరు తెరిచింది. డాక్టరమ్మ టార్చి వేసి చూసి, ఆ రోజే ఆమె రక్తం, ప్రసాద్ రక్తం జన్యు పరీక్షకు హైదరాబాదు పంపించే ఏర్పాటు చేసింది.

ఆ ఆదివారం దుర్గ ఉదయగిరి పోయింది. ప్రసాద్ మంచం మీద కూర్చుని ఎవరిదో ఫోను విప్పి బాగుచేస్తున్నాడు. తనకు క్యాన్సరు వచ్చిపోయిందని అక్క చెబితే, "తీసేసినారు గదా, ఇంకేంది?" అన్నాడు. విప్పిన ఫోను మూత బిగిస్తూ, "అదేందిక్కా, నాయనక్కూడా తీసేసుంటే ఉండేవాడా?" అన్నాడు.

దుర్గ వంటింట్లోకి పోయి తల్లి పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"మామ దగ్గరికి పోయొచ్చినా."

కత్తిపీట మీద దేవకమ్మ చేతిలో వంకాయ ఆగింది.

"నాయనకు మీసం కింద మచ్చలున్నాయంట. నీకు తెలవదామ్మా?"

దేవకమ్మ కోసిన వంకాయ ముక్కలు నీళ్ళలో వెయ్యకుండా చేతిలోనే పట్టుకుని కూర్చుంటే అవి నల్లబడుతున్నాయి.

"తెలుసు" అంది చివరికి. "మీ తాత దినాలప్పుడు చూసినా. నీకు పుట్టినప్పుడు చూసినా, పెంచలయ్యకు చూసినా. నాయన పోలిక అనుకున్యా. ఎవురన్నా అడిగితే గ్రహణం అని చెప్పినా, ఆయనకుండేది చెబితే మగోడికి చిన్నతనమని."

"మరి డాక్టరు అడిగితే లేవన్నావు గదా."

"ఉండాయి అంటే..." దేవకమ్మ ఆగిపోయింది. "ఉండాయి అంటే వాడు పెట్టలేదని అయిపోతాది. పద్నాలుగేళ్ళు నా తమ్ముడి మొహం చూళ్ళేదు పాపా నేను. మా అమ్మ పోయినప్పుడు వాడు పాడె పట్టుకుంటే నేను వాకిట్లోకి కూడా రాలా. అదంతా ఏం చేసేది ఇప్పుడు?"

దుర్గ తల్లి భుజం మీద చెయ్యి వేసింది. దేవకమ్మ ఆ చెయ్యి తీసేసి, కళ్ళు తుడుచుకుని, ఉన్నట్టుండి గట్టిగా అంది, "అయినా గడ్డలున్నోడికి మందు పెట్టకూడదని ఏముండాది? రెండూ జరిగుండొచ్చు గదా?"

తల్లి అది నమ్మి అంటోందో, నమ్మకుండా అంటోందో దుర్గకు తెలియలేదు. తల్లికి కూడా తెలిసినట్టు లేదు.

నెలన్నరకు రిపోర్టు వచ్చింది. దుర్గకు ఉంది. అక్షరాలు, అంకెలు కలిసిన ఒక లైను కింద గీత గీసి డాక్టరమ్మ చూపించింది. అదే లైను ప్రసాద్ కాగితంలో కూడా ఉంది. ఈ జబ్బుకు రొమ్ముల్లో కూడా క్యాన్సరు రావచ్చని, ఇక ముందు వాటికి కూడా స్కానింగు చేయించుకుంటూ ఉండాలని, భయపడొద్దని, మరిచిపోవద్దని చెప్పింది. ఆ లైను చాందినిలో కూడా ఉందేమో చూడొచ్చని, లేకపోతే బిడ్డను ఈ పరీక్షల గోల నుంచి తప్పించొచ్చని చెప్పింది. చేయిద్దామన్నాడు సురేంద్రబాబు. వద్దంది దుర్గ. ఉందని తెలిస్తే బిడ్డ నవ్విన ప్రతిసారీ పెదాలే చూస్తానంది. ఇప్పుడు మాత్రం చూడటం లేదా అన్నాడతను. నిజమే, చూస్తూనే ఉంది. మర్నాడు బిడ్డకు రక్తం తీయించారు.

నెల తర్వాత, దుర్గకు కెమెరా వేసి గడ్డలు తీయడానికి ఆసుపత్రిలో చేర్చుకునే ముందు రోజు, ఆమె వరదయ్యకు ఫోను చేసింది. "మామా, రేపు నాకు కెమెరా వేస్తారంట. అమ్మ కూడా వస్తాది" అని మాత్రం చెప్పింది. రమ్మని అనలేదు. అవతల నుంచి "ఊ" అని వినబడింది, అంతే.

మర్నాడు మత్తు మందు ఇచ్చే ముందు తలుపు సందులోంచి ఆమెకు కనబడింది: బెంచీ మీద ఒక కొసన తల్లి, ఆమె ఒళ్ళో చాందిని, ఇంకో కొసన వరదయ్య, మధ్యలో సురేంద్రబాబు. వరదయ్య ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని ఉన్నాడు. అక్కా తమ్ముడూ ఎదుటి గోడనే చూస్తున్నారు.

ఆమె కళ్ళు తెరిచేసరికి అంతా అయిపోయింది. చిన్నపేగులో నాలుగు, పెద్దపేగులో ఒకటి తీశారు. ఒకటి నిమ్మకాయంత ఉందట. చూడటానికి చెడ్డది కాదనీ, అయినా పరీక్షకు పంపామనీ చెప్పింది డాక్టరమ్మ. ఇంత కాయ కడుపులో పెట్టుకుని ఇన్నాళ్ళూ నీళ్ళు మోసింది, బట్టలుతికింది, బిడ్డను కన్నది. ఏమీ తెలియలేదు.

మధ్యాహ్నం చాందిని కాగితం కూడా వచ్చింది. లేదు.

సురేంద్రబాబు గోడకు తల ఆనించుకుని పసిబిడ్డలా ఏడ్చాడు. దుర్గకు ఏడుపు రాలేదు. "లేదంటే లేనట్టేనా మేడమ్?" అని అడిగింది. లేనట్టే అంది డాక్టరమ్మ. "ఇప్పుడు లేకపోయినా తర్వాత వస్తాదా?" రాదంది. "పెదాల మీద మచ్చలు పోయినా లోపల ఉన్నట్టు, ఇది కూడా..." అని మూడోసారి మొదలుపెట్టింది. చిన్నప్పటి నుంచి లేదు, లేదు అనుకున్నవన్నీ ఉన్నాయని తేలినాక, ఆ మాట మీదే ఆమెకు నమ్మకం పోయింది. డాక్టరమ్మ మంచం మీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది.

"మచ్చ పోవడం వేరు. ఇది పుట్టుకలోనే రాలేదు. నీ బిడ్డకు రాలేదు, నీ బిడ్డ నుంచి ఆమె బిడ్డలకు పోదు. ఈ ఒక్క లేదు మాత్రం నమ్ము."

దుర్గ తలూపింది. నమ్మిందో లేదో, సాయంత్రం తల్లి ఎత్తుకొచ్చిన చాందిని పక్కన పడుకుంటే మాత్రం బిడ్డ మొహం చూడకుండా, ఆమె జుట్టు వాసన చూస్తూ నిద్రపోయింది.

మర్నాడు పొద్దున పంపించేశారు. అందరూ ఒకే బస్సులో ఆత్మకూరు వచ్చారు. దారి పొడుగునా దేవకమ్మ కిటికీ బయటికే చూసింది. వరదయ్య వెనక సీట్లో కూర్చున్నాడు. ఆత్మకూరు బస్టాండులో దిగినాక, ఉదయగిరి బస్సు ఒక పక్క, బద్వేలు బస్సు ఇంకో పక్క ఆగి ఉన్నాయి. సురేంద్రబాబు ఆటో కోసం పోయాడు. దుర్గ బిడ్డనెత్తుకుని బల్ల మీద కూర్చుంది.

వరదయ్య భుజం మీది తువ్వాలు సర్దుకుని, "పోయొస్తా పాపా. రిపోర్టు వస్తే ఫోను చెయ్" అన్నాడు. అక్క వైపు చూడకుండానే నడిచాడు. నాలుగడుగులు వేశాడు.

"ఒరే" అంది దేవకమ్మ.

అతను ఆగాడు.

దేవకమ్మ కొంగు కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. తల్లి ఏం చెప్పబోతోందో దుర్గకు తెలియలేదు. క్షమించమనేట్టు లేదు, కోప్పడేట్టూ లేదు.

"నీ దగ్గిర ఎన్ని జీవాలుండాయి ఇప్పుడు?" అని అడిగింది దేవకమ్మ.

వరదయ్య వెనక్కి తిరిగాడు.

"నలభై దాకా ఉండాయి" అన్నాడు. "పోయినేడు గాలికుంటు రోగం వచ్చి పది పోయినాయి."

"సూదులు వేయించలేదా?"

"వేయించినా. ఆలస్యమైంది."

బద్వేలు బస్సు హారను కొట్టింది. వరదయ్య బస్సును చూసి, అక్కను చూసి, "దీని తర్వాత ఇంకోటుండాది" అని వచ్చి, బల్ల మీద, అక్క నిలబడిన చోటికి మూరెడు దూరంలో కూర్చున్నాడు.